జయరావు మాత్ర, తాతమ్మ హిందీ

బస్తర్‌లోని ఇనుప గనుల ఊరు కిరందులులో తెల్లగా ఉండేవి రెండే. ఆదివారం నాడు తాతమ్మ కట్టే చీర ఒకటి, ఆమె కొడుకు జయరావు వేసే ఇడ్లీ రెండోది. మిగతాదంతా గనుల ధూళి పడి ఎర్రబడేది. అక్కడ కాకులు కూడా ఎర్రగానే ఉంటాయని నేను ప్రమాణం చేసి చెబితే నమ్మినవాళ్లున్నారు. గని షిఫ్టు దిగినవాళ్లు జయరావు బండి ముందు నిలబడే వరుస ఖనిజం మోసే రైలు కన్నా పొడుగని కూడా చెప్పాను. అది మాత్రం కొంచెం తగ్గించి నమ్మండి.

అలాంటి జయరావుకు గొంతులు వినబడడం మొదలైంది. ఎవరూ లేనిచోట నుంచి ఎవరో తిట్టేవారు. నీ పిండిలో విషం కలిపారనేవారు. పాపం, రుబ్బిన పిండంతా కాలవపాలు చేసేవాడు. బండి మూతపడింది. చివరికి తాతమ్మ అతన్ని జగదల్‌పూర్‌లో మనోవ్యాధుల డాక్టరమ్మకు చూపించింది. స్కిజోఫ్రెనియా అని తేలింది, మాత్ర రాశారు.

తాతమ్మ విజయనగరం వైపు నుంచి రైల్వేలో పనిచేసే భర్త వెంట బస్తర్ వచ్చిన మనిషి. ఎన్నేళ్లున్నా ఆమె హిందీ కూరగాయల సంత దాటి ముందుకు పోలేదు. డాక్టరమ్మ, "యే గోలీ కల్ సే లేనా" అంది. రేపటి నుంచి వేసుకోమని. గొంతుల గోలలో జయరావుకు ఆ మాట చేరనే లేదు. తాతమ్మకు చేరింది. ‘సే’ అంటే ‘తో’ అని ఆమెకు తెలుసు. ఇక ‘కల్’ అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా!

కల్లు కుండ ఎదురైతే చర్చికి చుట్టుదారిన వెళ్లే విశ్వాసి తాతమ్మ. అయినా కొడుకు కోసం స్టీలు చెంబు కొంగు కింద దాచుకుని సంతలో హుంగే అనే ఆవిడ ముందు నిలబడింది. హుంగే అమ్మేది సల్ఫీ, మన జీలుగు కల్లు.

"తాగేది నువ్వేనా అమ్మా?" అంది హుంగే, వచ్చీరాని తెలుగులో.

"నోర్ముయ్యే! నాకేటి కర్మ? ఇది మందుకే."

"కొనేటోళ్లందరూ మందనే అంటారు" అని నవ్వి చెంబు నింపింది హుంగే.

గొంతులైతే తగ్గాయి. కానీ మనిషి పట్టపగలే తూలిపోయేవాడు. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. మళ్లీ తెరిచిన బండి దగ్గర ఒకరోజు టీ గ్లాసుల్లో సాంబారు పోశాడు. తాగినవాళ్లలో ఇద్దరు ఇంకో గ్లాసు అడిగారని నేనంటే ఇప్పటికీ ఎవరూ కాదనరు.

తాతమ్మ బెంబేలెత్తిపోయింది. "ఈ మాత్రే నిన్ను పీక్కు తినేస్తంది నాయినా. ఆపీ!"

"ఆపను" అన్నాడు జయరావు. "ఇన్నాళ్లకి నా సెవుల్లో నిశ్శబ్దంగా ఉందమ్మా. ఆపేత్తే ఆళ్లు మళ్లీ వత్తే? బండి మళ్లీ మూసీమంటావా? డాక్టరమ్మనడక్కుండా ఆపను."

తల్లీకొడుకులతో పాటు నేనూ జగదల్‌పూర్ బస్సెక్కాను. స్కూలు నన్ను వదిలించుకున్నా నాలుగు భాషలు నన్ను వదల్లేదు కాబట్టి, దుబాసీని నేనే.

"మాత్ర రోజూ వేస్తున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏస్తన్నానమ్మా! మీరు సెప్పినట్టే, కల్లుతోటే!" అంది తాతమ్మ.

నేను అనువదించాను. డాక్టరమ్మ కలం ఆగిపోయింది. "సల్ఫీతోనా? ఎవరు చెప్పారు?"

"సెప్పు నందా, ఈవిడే గదా కల్ సే అన్నాది!" అంది తాతమ్మ నాతో.

డాక్టరమ్మకు అర్థం కావడానికి కాస్త పట్టింది. తర్వాత బల్ల పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగగానే ముఖం గట్టిపడింది. మాత్రా కల్లూ కలిస్తే మత్తు ముదురుతుంది, రక్తపోటు పడిపోతుంది, ప్రాణం మీదికి రావచ్చంది. జయరావు బీపీ చూసింది. సల్ఫీ, ఇప్పసారా, బీరు ఏదీ వద్దు, రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లతోనే వేసుకోవాలంది.

"నువ్వు మందు ఆపకుండా అడగడానికి రావడం చాలా మంచిపని" అని జయరావుతో అంది. "బాగున్నానని కూడా సొంతంగా ఆపొద్దు. పొయ్యి దగ్గర ఎండలో ఎక్కువసేపు నిలబడకు, నీళ్లు బాగా తాగు. చేతులు వణికినా, కాళ్లు కుదురుగా ఉండకపోయినా నాకు చెప్పు, మార్చే దారులున్నాయి. జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోతే మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి రావాలి. బరువూ షుగరూ చూపించుకుంటూ ఉండు."

"అయితే ఒక్క సుక్కా వద్దా?" అంది తాతమ్మ.

"నీకు బెంగగా ఉందేటమ్మా?" అన్నాడు జయరావు. నవ్వాపుకోలేక నేను బయటికొచ్చేశాను.

కల్లు పోవడంతో తూలడం పోయింది. పొద్దున కాస్త మగత మిగిలినా, తల్లి లేపకుండానే లేచి పొయ్యి వెలిగించేవాడు. అప్పుడప్పుడూ ఒక గొంతు దూరంగా సణిగినా పిండి మాత్రం పారబోయలేదు. ఆ సంగతి కూడా దాచకుండా డాక్టరమ్మకు చెప్పేవాడు.

ఒక ఆదివారం తాతమ్మ చర్చిలో సంఘం ముందు సాక్ష్యం చెప్పడానికి లేచింది. కొడుకు జబ్బూ, మాత్రా, సంతా, చెంబూ అన్నీ చెప్పేసింది. జయరావు తల దించుకున్నాడు. జనం మొదట గుసగుసలాడి, తర్వాత పగలబడి నవ్వారు. ఆ నవ్వు తన మీద కాదని తెలిశాక అతనూ నవ్వాడు. బయట ప్రమీలారాణి అనే ఆవిడ జయరావును పక్కకు పిలిచి, మా తమ్ముడికీ ఇలాగే ఉంది, ఆ డాక్టరమ్మ దగ్గరికి ఎలా వెళ్లాలని అడిగింది. దారి జయరావే చెప్పాడు.

ఈలోపు రిటైరైన గ్యాంగ్‌మన్ నూకరాజు తాతమ్మ దగ్గరికి చేరాడు. "అప్పా, నా మోకాలి మాత్రకి కూడా ఏదైనా కలపమంటావేటి?"

"డాక్టర్నడుగు మావా" అన్నాడు జయరావు. "మా యమ్మనడిగితే సంతకి పంపుతాది."