కత్తి పిడికి కట్టిన రిబ్బను

నా చిన్నప్పుడు మా ఇంట్లో అటక మీద నాలుగు కత్తులు ఉండేవి. కూరలు తరుక్కునే కత్తులు కావు, సాము చేసేవాళ్లు చేతపట్టి తిప్పే బారెడు కత్తులు. నాకు తొమ్మిదేళ్లు నిండేదాకా ఆ సంగతి తెలియదు. మా నాన్నకు తెలుసు గానీ తెలియనట్టే ఉండేవాడు. బెజవాడలో బందరు కాలువకు దగ్గరగా రెండు గదుల పెంకుటిల్లు మాది, కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం మా నాన్నది. అలాంటి కొంపలో కత్తులున్నాయని చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు?

అవి మా తాతయ్యవి. ఆయన మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో తాలింఖానాకు, అంటే కుస్తీలూ కర్రసామూ నేర్పే చోటికి, రోజూ వెళ్లి కత్తిసాము నేర్చుకున్నాడట. ఎక్కడ మంచి కత్తి ఉందని తెలిసినా వెళ్లి సంపాదించుకునేవాడట. మా నాన్న పుట్టినప్పుడు మా నాయనమ్మ, "పసిబిడ్డ తిరిగే ఇంట్లో కత్తులేవిటండీ" అంది. ఆ ఒక్క మాటకు వాటిని గోనెసంచిలో చుట్టి అటకెక్కించినవాడు ముప్ఫై ఏళ్లు మళ్లీ వాటి ఊసెత్తలేదు.

నాయనమ్మ పోయిన ఏడాదే ఆయన రిటైరయ్యాడు. ఇక వసారా, పడక్కుర్చీ, ఆయన. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. ఆదివారం ప్రార్థనకు గుడికి రమ్మంటే వచ్చేవాడు, పాట మధ్యలో ఆగిపోయి ఎటో చూస్తుండేవాడు. స్కూలు గ్రౌండంతా దద్దరిల్లేట్టు అరిచిన గొంతు అది. మంచినీళ్లు అడగడానికి కూడా పైకి లేచేది కాదు. నేను పక్కన కూర్చుని ఎన్ని కబుర్లు చెప్పినా "ఊఁ" అనేవాడు తప్ప రెండో మాట లేదు.

క్రిస్మస్ ముందు మా అమ్మ అరిసెల కోసం పెద్ద మూకుడు దింపమంటే అటకెక్కాడు. ఎంతసేపటికీ దిగలేదు. "ఏవిటి మామయ్యగారూ, దొరకలేదా" అని అమ్మ కిందినుంచి అడిగింది. చివరికి ఒంటినిండా బూజుతో గోనెసంచి కావలించుకుని దిగాడు. "మూకుడు మళ్లీ దింపుతాలేమ్మా" అన్నాడు. ఆ ఏడు మా అమ్మ అరిసెలు పక్కింటివాళ్ల మూకుట్లో వండింది.

సంచి విప్పితే రెండు కత్తులు అసలు ఒరల్లోంచి రాలేదు. తోలు ఒర చెమ్మ పీల్చుకుంటుందనీ, మన కృష్ణ గాలికి ఇనుము ఒరలోనే పాడైపోతుందనీ, అటకెక్కించిన రోజున తనకు ఆ మాత్రం బుద్ధి లేకపోయిందనీ తనను తానే తిట్టుకున్నాడు. కిరసనాయిలు పోసి రెండు రోజులు నానబెట్టాడు. మూడోరోజు ఒర నన్ను పట్టుకోమని, పిడి తను పట్టుకుని లాగాడు. నేను ఒరతో సహా వెళ్లి గోడ దగ్గర కూలబడ్డాను. తాతయ్య నవ్వాడు. నాయనమ్మ పోయాక ఆయన నవ్వగా వినడం అదే మొదలు. అందుకని నాకు దెబ్బ తగిలినా ఏడవలేదు.

ఆ తర్వాత మా ఇల్లు ఇల్లులా లేదు. ఇటికపొడితో తోమడం, కొబ్బరినూనె కత్తి అలుగుకు పొడుగునా పల్చగా రాయడం, ఎండలో పెట్టడం. శనివారాలు బస్సెక్కి హనుమాన్ జంక్షన్‌లో పాత ఇనుము కొట్లన్నీ గాలించేవాడు. చల్లపల్లి దగ్గర ఒక ముసలాయన ఇంట్లో మంచి కత్తి ఉందని విని వెళ్లి దాన్ని తెచ్చుకున్నాడు. ఆ పెద్దమనిషి దాంతో కొబ్బరిబోండాలు కొడుతున్నాడట. అది చెబుతున్నప్పుడు తాతయ్య కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

కోత సాధనకు అరటి బోదెలు వాడేవాడు. లంక తోటల్లో గెల కొట్టాక పారేసే బోదెల్ని రిక్షా మీద వేయించుకొచ్చి, దొడ్లో గుంజలకు నిలబెట్టి, ఏటవాలుగా ఒక్క వేటు వేసేవాడు. వెంటనే వంగి తెగిన చోట వేలు పెట్టి చూసేవాడు. నున్నగా ఉంటే తల ఊపేవాడు. పీచు లేస్తే మణికట్టు తిరిగిందన్నమాట, ఆ రోజంతా మొహం మాడ్చుకునేవాడు. బోదెలు దొరకనప్పుడు పాత తుంగచాపలు చుట్టి నీళ్లలో నానబెట్టి కోసేవాడు. అరటి జిగురు మరకలు వదలవని మా అమ్మ గొణిగేది. కానీ మామగారు రెండోసారి అన్నం వడ్డించమని అడుగుతుంటే ఆవిడ గొణుగుడులో పస ఉండేది కాదు.

మా నాన్నకు మాత్రం భయం పట్టుకుంది. "చుట్టుపక్కల పిల్లలున్నారు నాన్నగారూ. ఈ వయసులో చెయ్యి జారితే ఎవరు దిక్కు?" అనేవాడు. రోజూ అదే పాట. ఒకరోజు హెడ్మాస్టరుగారు ఇంటికొచ్చి, స్కూలు వార్షికోత్సవంలో పాత డ్రిల్లు మాస్టారు కత్తిసాము చేసి చూపించాలని అడిగారు. నాన్న వద్దన్నాడు. తాతయ్య నాన్న వైపు తిరిగి అన్నాడు.

"ఒరేయ్, ఒక మాట. ఆ రోజు నేను సరిగ్గా చేస్తే ఇంక నా జోలికి రాకు. చెయ్యి తప్పిందా, నువ్వు చెప్పక్కర్లేదు, నేనే వీటిని వదిలించుకుంటాను."

అలా ఆయన బతుకు మొత్తం ఆ ఒక్క సాయంత్రం మీద పెట్టేశాడు. నాకు అది పూర్తిగా అర్థమైంది. తొమ్మిదేళ్ల పిల్లకు అర్థం కాదనుకోకండి. ఆయన ఓడిపోతే మళ్లీ పడక్కుర్చీయే అని నాకు తెలుసు. అందుకే నా వంతుగా ఏదైనా చెయ్యాలని నా ప్రాణం కొట్టుకుపోయింది.

కత్తి పిడికి ఆయన పాత పంచె చింపిన నూలుగుడ్డ చుట్టుకునేవాడు. చెమట పట్టిపట్టి నల్లగా, జిడ్డోడుతూ ఉండేది. అంతమంది ముందు, ఆ పీలికా? నాకు క్రిస్మస్‌కి కొన్న ఎర్ర శాటిన్ రిబ్బన్లు రెండున్నాయి. వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం అందరూ ముస్తాబులో ఉండగా ఆ గుడ్డ విప్పేసి, నా రిబ్బనొకటి పిడికి గట్టిగా, వరసగా చుట్టి, చివర పువ్వులా ముడేసి ఒరలో పెట్టాను. పాత పీలికను పక్కన పెట్టి, రెంటినీ కలిపి తువ్వాల్లో చుట్టేశాను. మా అమ్మ నాకు జడలు వేస్తూ "రెండో రిబ్బను ఏదే" అంది. పోయిందన్నాను. ఒక జడకు రిబ్బనుతో, ఇంకో జడకు నల్లదారంతో వెళ్లాను. నాకంత గర్వం మళ్లీ నా పెళ్లిలో కూడా కలగలేదు.

గ్రౌండులో మూడు బోదెలు వరసగా నిలబెట్టారు. చిన్నపిల్లలం ముందు నేల మీద కూర్చున్నాం. తాతయ్య తెల్లచొక్కా మీద నడుముకు కండువా బిగించి వచ్చి, తువ్వాలు విప్పి, పిడి మీద చెయ్యి వేశాడు. వేసినవాడు ఆగిపోయాడు. పిడి వైపు చూశాడు. తలెత్తి పిల్లల్లో నాకోసం వెతికాడు. నేను రెండు చేతులూ ఊపాను. ఆయన నావైపు కాసేపు అలాగే చూసి నవ్వాడు. తర్వాత వంగి గుప్పెడు మట్టి తీసుకుని అరచేతికి రుద్దుకున్నాడు. అదీ సాములో భాగమేననుకున్నాను నేను.

మొదటి బోదె తెగి, తెగినట్టు కూడా తెలియకుండా ఒక క్షణం నిలబడి, జారి పడింది. జనం చప్పట్లు. రెండోది కూడా తెగింది. అప్పటికే ఆయన పిడిని మళ్లీ మళ్లీ బిగించి పట్టుకోవడం కనిపించింది నాకు. ఎండకు చెయ్యి చెమర్చింది. శాటిన్ జారుతుందని ఆ నిమిషంలో, ఆయన మూడో బోదె ముందు కత్తి ఎత్తిన నిమిషంలో, నాకు తెలిసింది. నా జడల్లోంచి రోజుకు పదిసార్లు జారే రిబ్బను అది. లేచి ఆగమని అరవాలనుకున్నాను. లేచాను కూడా. అరిచేలోపే వేటు పడింది.

కత్తి ఆయన చేతిలో తిరిగిపోయి, బోదెకు పక్కవాటుగా తగిలి, ఎగిరి వచ్చి ఒకటో తరగతి పిల్లాడి మోకాలికి జానెడు దూరంలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పిల్లాడు కూడా ఏడవలేదు, దాన్ని ముట్టుకోబోతే పక్కవాళ్లు లాగేశారు. మా నాన్న కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. తాతయ్య నడిచొచ్చి కత్తి తీసుకుని, ఆ పిల్లాడి తల నిమిరి, అందరికీ దణ్ణం పెట్టాడు.

"వయసైపోయిందండీ. చేతిలో పట్టు పోయింది. క్షమించాలి."

ఇంటికి రాగానే నేను ఏడుస్తూ మా నాన్నకు అంతా చెప్పాను. తాతయ్య తప్పు కాదు, రిబ్బను కట్టింది నేను అని. ఆయన నన్ను దగ్గరికి తీసుకుని, "చాల్లేమ్మా. తాతని వెనకేసుకొచ్చింది చాలు" అన్నాడు. మా అమ్మకు చెప్పాను. పక్కింటి అక్క అక్కడే ఉంది. "పాపం, తాతంటే ఎంత ప్రేమో చూడండి, నేరం తన మీద వేసుకుంటోంది" అని నా తల నిమిరింది. పోనీ చూపిద్దామని కత్తి దగ్గరికి పరుగెత్తాను. పిడికి ఆ నల్లటి నూలుగుడ్డే చుట్టి ఉంది. దారిలోనే ఎక్కడో మార్చేశాడు. నిజం చెబుతుంటే నమ్మేవాళ్లు లేకపోవడం ఎలా ఉంటుందో నాకు ఆ పూటే తెలిసింది. అబద్ధం చెప్పి పట్టుబడడం అంతకంటే నయం.

తాతయ్య పెరట్లో ఉన్నాడు. జేబులోంచి రిబ్బను తీసి నా చేతిలో పెట్టి జడకు కట్టుకోమన్నాడు.

"జారుతుందని నీకు తెలుసా?" అన్నాను.

"పట్టుకోగానే తెలిసింది."

"మరి విప్పెయ్యచ్చుగా తాతయ్యా."

"అంత సంబరంగా చూస్తున్నావు తల్లీ. ఎలా విప్పను?"

"నాన్నతో చెప్పు మరి, నా వల్లే అని."

"నువ్వు కడితే కట్టావు, తెలిసీ పట్టుకున్నది నేను. పట్టినవాడిదే పూచీ. ఇంక అరవకు."

వారం తిరక్కుండా కత్తులన్నీ తాలింఖానా వాళ్లకు ఇచ్చేశాడు. మా నాన్నే మనసు కరిగి, "ఒకటైనా ఉంచుకోండి నాన్నగారూ" అన్నాడు. తాతయ్య ఒప్పుకోలేదు. మాట అంటే మాటే. మళ్లీ వసారా, పడక్కుర్చీ. ఒకరోజు నేను ఎవరినో బతిమాలి చిన్న బోదెముక్క తెచ్చి ఆయన ముందు పెట్టాను. కనీసం కూరల కత్తితోనైనా కోస్తాడని నా ఆశ. చేత్తో తడిమి, "లేతది" అని పక్కన పెట్టేశాడు. కండ తేలిన ఆ చెయ్యి చూస్తుండగానే సన్నబడిపోయింది. రెండు వానాకాలాలు గడిచాక ఆయన పోయాడు.

ఈ కథ నేను చెప్పినప్పుడల్లా విన్నవాళ్లు తాతయ్య ప్రేమను మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోలేను. ఆయన మీద నాకున్న ప్రేమ ఎంతో, గ్రౌండులో నన్ను చూసి నవ్విన ఆ నవ్వు మీద ఉన్న కోపమూ అంతే. మొహమాటం గురించి మనవాళ్లకొక మోటు సామెత ఉంది, ఇక్కడ రాయను గానీ, అది అక్షరాలా నిజం. ఎదుటివాళ్ల సంబరం చెడగొట్టలేక మనం మింగేసేది ఎవరికీ మేలు చెయ్యదు. ముఖ్యంగా ఆ ఎదుటివాళ్లకు. నా కోడలు ముచ్చటపడి తెచ్చిన కళ్లజోడు సరిపోకపోతే పెట్టుకున్న నిమిషంలోనే చెప్పేశాను. మనవరాలు బొమ్మ వేసి చూపిస్తే ఏనుగుకు ఐదు కాళ్లున్నాయని చెప్పాను. అది ఏడ్చింది, మళ్లీ వేసుకుంది. మర్యాద తెలిసినవాళ్లు నన్ను ముక్కుసూటి మనిషంటారు, మిగతావాళ్లు గయ్యాళి అంటారు. ఏమన్నా పడతాను.

ఆ రోజు అంతమందిలో ఆయన ఆ రిబ్బను విప్పి పక్కన పడేసి ఉంటే నేను ఏడ్చి ఉండేదాన్ని. ఒక్క పూట ఏడ్చి ఉండేదాన్ని, అంతే.