చుక్కి తొలి కాన్పు

మీసం మొలిచీ మొలవని ఆ వయసులో మనిషికి ధైర్యం ఎక్కువ, తెలివి తక్కువ అంటారు. నాకు రెండూ సమానంగానే ఉండేవి. అంటే రెండూ లేవు. అయినా మా ఇంట్లో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. పోలీసు యాక్షన్ అయిన కొత్తలో నేనొక్కణ్నే మిలిట్రీ పటాలాన్ని మాటలతో నిలబెట్టి, ఒక కాన్పును గండం గట్టెక్కించానని. (చెప్పుకునేది ఎక్కువగా నేనే.)

కాన్పు చుక్కిది. చుక్కి మా కుక్క, కేతేపల్లి దిక్కున్న మా ఇంట్లోనే పుట్టింది. అక్క పెళ్లిలో అరణంగా ఆవును తోలే తాహతు లేక బాపు ముఖం చిన్నబుచ్చుకుంటే, అక్క ఈ కుక్కపిల్లను కొంగులో చుట్టుకుని అత్తగారింటికి బండెక్కింది. అప్పటి నుంచి మమ్మల్ని కన్న అవ్వ లెక్కలో మా ఇంటి నుంచి పోయిన ఆడబిడ్డలు ఇద్దరు. అక్క వాళ్ల ఊరి పొలిమేరలో మిలిట్రీ క్యాంపు పడింది. ఆ రోజుల్లో కుక్క మొరగడం పెద్ద నేరం. కమ్యూనిస్టు దళం వాళ్లు వచ్చినా మొరిగేది, వాళ్లను వెతుక్కుంటూ మిలిట్రీ వచ్చినా మొరిగేది. ఎవరి రాకను ఎవరికి చెప్తుందోనని ఇద్దరికీ అదంటే పడేది కాదు. ఇంకోసారి గొంతు వినబడితే కాల్చేస్తామని క్యాంపు వాళ్లు బావతో అన్నారట. అప్పటికే చుక్కి నిండు చూలాలు. అక్క ఏడుస్తూ కబురు పంపింది.

"తొలి కాన్పు పుట్టింట్లనే గావాలె. బండి గట్టు" అంది అవ్వ. బాపు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. పోవలసింది నేనే. ఎందుకంటే దేవరకొండ దవాఖానలో కొన్నాళ్లు పనిచేసి వచ్చాను కనుక అవ్వ దృష్టిలో నేను సగం డాక్టర్ని. (పని సీసాలు కడిగి తుడవడం. ఆ సంగతి అవ్వకు చెప్పే సందర్భం రాలేదు.)

అక్క బండిలో గడ్డి పరిచి, చుక్కిని పడుకోబెట్టి, తన చీరనే పరదాగా కట్టింది. "మెల్లగ తోలురా తమ్మీ, కడుపుతోటున్నది" అంది. క్యాంపు ముందుకు రాగానే ఒక మీసాల జవాను బండి ఆపి లోపలెవరని అడిగాడు. బడిలో నేర్చిన ఉర్దూ అంతా కూడదీసుకుని, మా ఇంటి ఆడబిడ్డ అని, తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకుపోతున్నానని చెప్పాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. (అవ్వ లెక్కలో.) జవాను ముఖం మెత్తబడింది. తోడు ఆడమనిషి లేకుండా బయల్దేరతావా అని నన్ను చివాట్లు పెట్టి, ముంతతో నీళ్లు తెచ్చాడు. పరదా దగ్గర పెట్టబోయాడో లేదో, లోపలి నుంచి "భౌ" మంది.

ఇక్కడి నుంచి నా కథలో నేను తుపాకీకి ఎదురుగా రొమ్ము విరిచి నిలబడి, ముందు నన్ను కాల్చమంటాను. నిజం మీకు చెప్తాను. ఆ ముంతెడు నీళ్లూ నేనే తాగాను. జవాను పరదా ఎత్తాడు. చుక్కి మళ్లీ మొరగలేదు. రొప్పుతూ అతని వంక చూసింది. అతనూ చాలాసేపు చూశాడు. తర్వాత పరదా దించి, చివర సర్ది, తన వాళ్లతో కాన్పుకు పోతున్న బండి, ఆపొద్దని గట్టిగా చెప్పాడు. గుంతల దగ్గర మెల్లగా తోలమని నాకు చేయి ఊపాడు.

ఇంటికొచ్చేసరికి మేం పుట్టిన మూలనే అవ్వ అలికి, గడపకు వేపమండలు చెక్కి, తలాపున కొడవలి పెట్టి ఉంచింది. అందరినీ బయటికి పంపి "డాక్టరొక్కడుండు" అంది. డాక్టరు చేసిందేమీ లేదు. పిల్లలు వస్తుంటే చుక్కే నాకింది, చుక్కే పేగు కొరికింది. నేను ప్రతి పిల్లకూ తల ఊపాను. ఆఖరిది మాత్రం కదలకుండా వచ్చింది. అలసిపోయిన చుక్కి దాని వైపు తిరగలేదు.

"గట్ల సూస్తవేందిరా? నీకెర్కైంది చెయ్యి" అంది అవ్వ.

నాకు ఎరుకైంది ఒక్కటే. పాత పంచె ముక్కలో దాన్ని చుట్టి, దవాఖానలో తడి సీసాను తుడిచినట్టే, తిప్పి తిప్పి తుడిచాను. అరచేతిలో "కుయ్" మంది. అవ్వ నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఏ డాక్టరుకూ అంతకన్నా పెద్ద పట్టా ఉండదు.

పురుటి స్నానం నాడు అక్కాబావా వచ్చి, తల్లీపిల్లల్ని తీసుకుపోతామన్నారు. క్యాంపు లేచిపోయే దాకా తన ఆడబిడ్డను పంపేది లేదని అవ్వ తెగేసి చెప్పింది. ఆడబిడ్డలిద్దరికీ కలిపి ఒడిబియ్యం అక్క ఒడిలోనే పోసింది.

ఇన్నేళ్లలో నా కథలో జవాన్లు పెరిగారు, తుపాకులు పెరిగాయి, చివరికి చుక్కి పిల్లలూ పెరిగాయి. ఈ మధ్య అన్నం తిన్నాక నా గాజు గిలాస నేనే కడిగి తుడుచుకుంటున్నాను. "ఎంతసేపు రుద్దుతవు మామా, పలుగుతది" అంటుంది కోడలు. నేను మెల్లగానే తుడుస్తాను. కుయ్యిమంటుందేమోనని జర చెవి దగ్గర పెట్టుకుంటాను, అంతే.