మామ కోసం తోకచుక్క బులెటిన్

ఆ రోజుల్లో ఆకాశం మా నెత్తిమీదే ఉండేది గానీ, దాని కబురు మాత్రం దేశాలన్నీ తిరిగి తీరిగ్గా మా దగ్గరికి వచ్చేది. ఆలస్యమైన వార్తను మించిన అన్యాయం లోకంలో లేదని నేను గట్టిగా నమ్మిన కాలం అది. థర్మల్ ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరి, కాలనీలో మా మేనమామ క్వార్టర్స్‌లో ఉంటూ, అత్త చేసిన జొన్నరొట్టెలు తింటూ, ఆ తిన్నది అరగడానికన్నట్టు ఒక ఖగోళ సంఘం పెట్టాను. సభ్యులం ఇద్దరం. అధ్యక్షుణ్ని నేను. రెండోవాడు సింధనూరు పక్కన కాలువ కింద తెలుగు రైతులు వలసొచ్చి కట్టుకున్న క్యాంపు నుంచి వచ్చిన తోటి అప్రెంటిస్. (వాళ్ళ నాన్న వరిచేలో పిట్టల్ని చూడటానికి కొన్న బైనాక్యులర్ వాడి దగ్గరుంది. అందుకని వాణ్ని చేర్చుకోక తప్పలేదు.) వాణ్ని అందరూ క్యాంపు అనే పిలిచేవారు, నేనూ అంతే.

సంఘానికి బైనాక్యులర్ దొరికింది కానీ వార్తలు దొరకలేదు. పేపర్లో ఉల్కల గురించి వేసేనాటికి ఉల్కలు రాలిపోయి ఉండేవి. పోస్టులో వచ్చే సైన్సు పత్రిక "ఈ నెల ఆకాశంలో" అంటూ పోయిన నెల సంగతులు వర్ణించేది. "ఇదేంట్రా బాబూ, పెళ్ళి భోజనాలయ్యాక శుభలేఖ ఇస్తున్నారు మనకి," అని క్యాంపు విసుక్కునేవాడు. అందుకని డ్యూటీ దిగి బస్సెక్కి రాయచూరు వెళ్ళి, బస్టాండు దగ్గరున్న ఇంటర్నెట్ షాపులో కూర్చోవడం మొదలుపెట్టాను. అక్కడ మొదట తగిలినవన్నీ సొగసైన పేజీలు. గ్రహాలు గిరగిరా తిరిగేవి, వెనక నక్షత్రాలు మినుకుమినుకుమనేవి, అడుగున చూస్తే ఆ పేజీని సరిచేసి ఏడాది దాటి ఉండేది. బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగుతూ తోకచుక్క తల కనిపించి, తోక రాబోయే సమయానికి కరెంటు పోయేది. "కరెంట్ గయా భాయ్. తుమ్హారీచ్ కంపెనీ హై, జాకే పూఛో," అనేవాడు షాపాయన. (మీ కంపెనీయే కదా, పోయి అడుక్కో అని. రాష్ట్రమంతటికీ వెలుగిచ్చే ప్లాంటు పక్కనుండి నేను పడ్డ అవమానాల్లో ఇదొకటి.) బయటికొస్తే ఊరంతా చీకటి, ఆకాశం నిండా చుక్కలు. కరెంటుంటే వార్తలుండేవి చుక్కలుండేవి కావు, కరెంటు పోతే చుక్కలుండేవి వార్తలుండేవి కావు.

చివరికి నాకు దారి దొరికింది. తోకచుక్కలు చూసేవాళ్ళు దేశదేశాల నుంచి ఒకరికొకరు ఈమెయిళ్ళు రాసుకునే బృందం ఒకటుంది. బొమ్మల్లేవు, రంగుల్లేవు, ఒట్టి అక్షరాలు. రాత్రి చూసినవాడు పొద్దున్నే రాస్తాడు: ఎక్కడ చూశాడు, దేంతో చూశాడు, ఎంత వెలుగుంది, తోకెంత. అందులో ఆస్ట్రేలియా పెద్దాయన ఒకాయన "మబ్బు పట్టింది, ఏమీ చూడలేదు" అని కూడా రాసేవాడు. చూడనిది చూడలేదని చెప్పేవాడి మాటను నమ్మవచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఆయన్ని నా మనసులో సంఘానికి గౌరవ సభ్యుణ్ని చేసుకున్నాను. (ఆయనకు ఆ సంగతి ఈనాటికీ తెలియదు.)

సరిగ్గా ఆ రోజుల్లోనే రెండు సంగతులు జరిగాయి. సాయంత్రం పడమటి దిక్కున కంటికి కనిపించే తోకచుక్క ఒకటి వచ్చింది. మామకు ఛాతీలో నొప్పి వచ్చింది. మామ పుట్టింది పాత రాయచూరులో, బతుకంతా గడిపింది ప్లాంటు కంట్రోల్ రూములో. గోడనిండా ఉన్న మీటర్లను చూస్తూ చూస్తూ మనుషులను కూడా అదే చూపుతో చూసేవాడు. హైదరాబాదు తీసుకెళ్తే, గుండెకు వెళ్ళే నాళాలు పూడుకుపోయాయి, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోండన్నారు. ఇంటికి తిరిగొచ్చి టీవీ పెట్టేసరికి ఒక స్వామి కూర్చుని, తోకచుక్క ఆకాశంలో ఉండగా ఒంటిమీద కత్తి పడకూడదని సెలవిస్తున్నాడు. అత్త వణికిపోయింది. దేవుడి పటానికి దణ్ణం కూడా పెట్టని మామ, ఆరోజు మాత్రం టీవీ గొంతు పెంచి మరీ విన్నాడు.

"అది పోయినంక చేయించుకుందాం. తొందరేముంది?" అన్నాడు మామ.

"ఎప్పుడు పోతదిరా అది?" అని అత్త నన్నడిగింది. సంఘం పెట్టాక మా ఇంట్లో నన్నొక ప్రశ్న అడగడం అదే మొదలు. ఛాతీ ఉప్పొంగింది. (మామ ఛాతీ సంగతి ఒక క్షణం మర్చిపోయాను.) రోజూ తాజా వార్త తెచ్చి చెబుతానని మాటిచ్చాను. క్యాంపు కూడా డ్యూటీలు మార్చుకుని నేను ఊళ్ళోకి వెళ్ళడానికి వీలు కల్పించాడు.

అలా మొదలైంది నా బులెటిన్. చాప మీద రొట్టెలు తింటూ నేను వెలుగు అంకె చదివేవాణ్ని. తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. చుక్కల వెలుగు కొలిచే లెక్క తలకిందులుగా ఉంటుంది. అంకె చిన్నదైతే వెలుగెక్కువ, అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ. ఆరు దాటితే మామూలు కంటికి కనిపించదు. మొదటిరోజు నాలుగు అన్నాను. రెండు మూడు రోజులకు నాలుగున్నర అన్నాను, సంతోషంగా.

"పెరిగిందన్నట్టు," అన్నాడు మామ, రొట్టె తుంచుతూ.

"కాదు మామా, తగ్గింది. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు."

"గిదేం లెక్కరా? మా కాడ నంబరు పెరిగితే యూనిట్ బంద్ జేస్తం. ఎవడో మీటరు ఉల్టా కట్టిండు, నువ్వు నమ్మినవ్."

అత్తకు నామీద ఎంత ప్రేమున్నా, అప్రెంటిస్ మాట కంటే కంట్రోల్ రూము మాటే ఎక్కువ. ఐదు అన్నరోజు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను గోడమీద బొగ్గుతో దీపాలు గీసి వివరించాను. గోడ పాడైంది తప్ప ప్రయోజనం లేకపోయింది. ఆపరేషన్ తేదీ గురించి హైదరాబాదు ఆసుపత్రి నుంచి ఒకసారి ఫోనొచ్చింది, మరోసారి వచ్చింది. మామ మెట్లెక్కడం మానేశాడు. రాత్రిళ్ళు గోడకానుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నాకు భయమేసేది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎప్పుడు పోతుందా అని ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్న ఆ తోకచుక్క మసకబారుతుంటే నాకు లోలోపల దిగులుగా కూడా ఉండేది. నా జీవితంలో కళ్ళారా చూసిన మొదటి తోకచుక్క మరి.

ఒక సాయంత్రం షాపులో ఆస్ట్రేలియా పెద్దాయన ఉత్తరం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తోకచుక్క లోపల ఏదో పగిలి, ఉన్నట్టుండి వెలుగు చిమ్మిందట. మూడు! పేపర్లకు తెలియదు, టీవీకి తెలియదు, రాయచూరు జిల్లా మొత్తం మీద తెలిసింది నాకొక్కడికే. బస్సులో నిలబడే వచ్చాను. గుమ్మంలోంచే అరిచాను: "మూడుకొచ్చింది!"

అత్త పరుగున వచ్చింది. "మూడా? ఐదు నుంచి మూడుకా? దిగిపోయిందన్నట్టే గద! నడువుండ్రి, పొద్దున బండికే పోదాం," అని అప్పటికప్పుడు అటకమీది పెట్టె దించబోయింది.

"ఏ, ఆగు," అన్నాడు మామ కంగారుగా. "మూడంటే తగ్గుడు కాదు. పెరిగింది. మస్తు పెరిగింది."

అత్త పెట్టె మీద చెయ్యలాగే ఉంచి మామ వైపు తిరిగింది.

"అయితే ఇన్ని దినాలు అది తగ్గుతున్నదని నీకు తెల్సు."

మామ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నేను రోజు ఏడుస్తుంటె చూసుకుంట కూసున్నవ్."

"మా కండెన్సర్ కాడ వాక్యూం మీటరు గూడ గంతే," అన్నాడు మామ నేలచూపులు చూస్తూ. "అంకె పెరిగితే లోపల గాలి తగ్గినట్టు. వాడు చెప్పిన మొదటి దినమే తెల్సింది నాకు."

"మరి ఎందుకట్ల చెప్పినవ్?"

"భయం," అన్నాడు మామ. "గుండె బయటికి దీస్తరంట గదనే. నాకు భయమైతున్నది."

అంతటి మనిషి నోట ఆ మాట వినడం నాకు తోకచుక్క పగలడం కంటే పెద్ద వింత. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్త తిట్టలేదు. పక్కన కూర్చుని, చెంగుతో ఆయన మొహం తుడిచి, "నాకు గూడ భయమే. ఇద్దరం పోదాం," అంది. కాసేపటికి మామ తనకా తోకచుక్కను చూపించమన్నాడు. ముగ్గురం ఇంటి వెనక గోడ దగ్గర నిలబడ్డాం. చిమ్నీ పొగకు పక్కగా, దూదిపింజంత తెల్లగా ఉంది. మామ చాలాసేపు చూశాడు.

"గింతదానెనకనా నేను దాక్కున్నది!" అన్నాడు.

మర్నాడే ఫోన్ చేశాం. మొదట ఇచ్చిన తేదీ ఎప్పుడో దాటిపోయింది కనుక మళ్ళీ వరసలో నిలబడాల్సి వచ్చింది. హైదరాబాదులో డాక్టరు కాగితాలు చూసి, "ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అనడిగాడు. ముగ్గురిలో ఎవ్వరం తోకచుక్క పేరెత్తలేదు. ఆపరేషన్ రోజు పొద్దున మాత్రం అత్త నన్ను పక్కకు పిలిచి, "నీకు దండం పెడతా, ఒక్కసారి చూసిరా. అది ఉన్నదా పోయిందా," అంది. మామ పడుకున్నచోటి నుంచే చెయ్యూపి, "పోరా. తాజా వార్త తేవాలె మరి," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆసుపత్రి వీధిలోనే ఇంటర్నెట్ షాపుంది. కరెంటు కూడా ఉంది. ఆస్ట్రేలియా పెద్దాయన అంకె ఆరు దాటించాడు. ఇక ఉత్త కంటికి అది కనపడటం లేదని రాశాడు. పరుగెత్తుకొచ్చేసరికి మామను లోపలికి తీసుకెళ్ళిపోయారు. అత్త బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"పోయిందత్తా," అన్నాను.

"పోయిందా?" రెండు చేతులూ జోడించింది. ఎన్ని రాత్రులుగా కన్ను మూయలేదో గానీ, నా భుజానికి తల ఆనించి అలాగే నిద్రపోయింది.

మధ్యాహ్నం డాక్టరు బయటికి వచ్చాడు. ఆయన ముఖం చూసి నేను మెల్లగా అత్త తలను గోడకు ఆనించి లేచి వెళ్ళాను. గుండె మళ్ళీ కొట్టుకోలేదన్నాడు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదన్నాడు. నేను తిరిగొచ్చి మళ్ళీ అత్త పక్కన కూర్చున్నాను. లేపడానికి చెయ్యెత్తాను, దించేశాను. వార్త ఒక్క పూట ఆలస్యమైతే చిందులు తొక్కే ఖగోళ సంఘం అధ్యక్షుడు, లోకంలో తనకొక్కడికే తెలిసిన వార్తను పళ్ళ బిగువున పట్టుకుని, అత్త తనంతట తాను లేచేదాకా ఆ బెంచీ మీద కూర్చున్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత అత్త ఒకసారి అడిగింది, "నన్నెందుకు లేపలేదురా ఆ దినం?"

"నిద్రపోతున్నవ్ గదత్తా."

"మంచిగ చేసినవ్. ఆ నిద్రల మీ మామ బాగై ఇంటికొచ్చిండు. రొట్టె పెట్టమన్నడు. పెట్టిన, తిన్నడు."

ఇప్పుడు నాకు మామ వయసు దాటింది. ఆకాశంలో ఏ మూల ఏం వెలిగినా, ఏం పగిలినా క్షణాల్లో ఫోనుకు వచ్చేస్తుంది. దాని గంట మాత్రం ఆపేసి పెట్టుకున్నాను. ఏ వార్తయినా సరే, అత్తకు ఫోన్ చేసి, ఆమె రొట్టె తిన్నదని తెలుసుకున్నాకే తెరిచి చూస్తాను. బస్సులో నిలబడి వచ్చి గుమ్మంలోంచి అరిచిన ఆ కుర్రాడికి ఈ సంగతి తెలిస్తే నన్ను సంఘంలోంచి తీసేసేవాడు.