చెవి మేస్త్రి పెట్టిన ఉక్కు గుండు

చెవి మేస్త్రికి ఆ పేరు ఊరికే రాలేదు. ఇంజన్‌కు ఎక్కడ నలతగా ఉందో అతను చెవితో పట్టేవాడు. మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవిలో పెట్టుకునేవాడు. రెండో కొసను ఇంజన్ మీద అంగుళం అంగుళం జరుపుతూ వెళ్ళి, "ఇదిగో, ఇక్కడ" అని వేలు పెడితే అక్కడ చిల్లు ఉండి తీరాల్సిందే. నలభై ఏళ్ళుగా అదే షెడ్డు, అదే రేకుల కప్పు. ఆ రబ్బరు గొట్టం మూడుసార్లు మారింది గాని చెవి మాత్రం మారలేదని అతని నమ్మకం.

ఆ నమ్మకానికి మొక్కలావిడ బండితో ముప్పు వచ్చింది.

మొక్కలావిడది పాతికేళ్ళనాటి పికప్పు. పూలకుండీలు, మట్టి బస్తాలు దాని మీద వేసుకుని వీధి వీధి తిరిగి అమ్ముతుంది. ఆ బండి పొగ పరీక్షలో రెండుసార్లు తప్పింది. మూడోసారి కూడా తప్పితే నంబరు రద్దు చేసి తుక్కు కింద పంపిస్తారు. శుక్రవారమే ఆఖరి గడువు. బండి పోతే ఆవిడ కుండీలు నెత్తిన పెట్టుకుని తిరగాల్సిందే.

"మీ చేతిలో పెట్టాను మేస్త్రిగారూ. మీరు విని చెప్పండి చాలు" అందావిడ మంగళవారం పొద్దున.

వినడమే కదా వచ్చిన చిక్కంతా.

పెట్రోలు ఇంజన్ నడిచేటప్పుడు గాలిని గట్టిగా పీలుస్తుంది. ఆ పీల్పును సన్నటి రబ్బరు గొట్టాల్లోంచి తీసుకెళ్ళి బ్రేకులకూ, పొగ తగ్గించే పరికరాలకూ వాడుకుంటారు. ఏ గొట్టమైనా చిట్లిందా, పిలవని పేరంటానికి వచ్చినట్టు బయటి గాలి లోపలికి దూరుతుంది. మేస్త్రి దాన్ని దొంగగాలి అంటాడు. అది దూరితే బండి నిలబడ్డచోట వణుకుతుంది, పెట్రోలు సరిగ్గా కాలదు. దూరేటప్పుడు సన్నగా బుస్సుమంటుంది. ఆ బుస్సు మీదే అతను ఇన్నేళ్ళు బతికాడు.

మొదటి పరీక్షకు ముందు బండి వచ్చినప్పుడు అతనికి ఏ బుస్సూ వినపడలేదు. లేదు కాబట్టే వినపడలేదనుకుని, కార్బురేటర్ స్క్రూ తిప్పి పెట్రోలు పెంచాడు. వణుకు తగ్గింది గాని పొగలో విషవాయువు ఎక్కువైంది. రెండోసారి పెట్రోలు తగ్గించాడు. ఇంజన్ మిస్సింగు కొట్టి, కాలని పెట్రోలు పొగతో బయటికొచ్చింది. మందు మార్చాడే గాని రోగం చూడలేదు. ఇంత చిన్న సంగతి తెలియని మనిషా అతను? తెలుసు. తెలిసీ, చెవిని అనుమానించడానికి మనసొప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం అటూ ఇటూ చూసి, పెట్టె అడుగునున్న, ఆ పీల్పును కొలిచే వాక్యూమ్ గేజి తీశాడు. చెవుల్లేని వాళ్ళకు అవసరమయ్యే వస్తువని ఎప్పుడూ వెక్కిరించేవాడు దాన్ని. తగిలించి చూస్తే ముల్లు ఉండాల్సిన చోటుకు బాగా కిందనే ఉండిపోయింది. దొంగగాలి ఉంది. ఎక్కడుందో మాత్రం గేజి చెప్పదు. కనబడ్డ ప్రతి గొట్టం మీదా సబ్బునీళ్ళు చల్లాడు. ఎక్కడా నీళ్ళు లోపలికి పోలేదు, ఇంజన్ తీరూ మారలేదు. తన గొట్టం చెవిలో పెట్టుకున్నాడు. ఇంజన్ దబదబలన్నీ శుభ్రంగా వినపడ్డాయి. సన్నటి చప్పుడు ఒక్కటీ లేదు. చెవి పోతే చెవి మేస్త్రికి మిగిలేదేమిటి?

బుధవారం ఒంటిగంటకు భార్య క్యారియరు పట్టుకుని వచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఈ రెండేళ్ళలో మనిషికి కోపం ఎక్కువైందని మేస్త్రి అందరి దగ్గరా వాపోతుంటాడు. ఉప్పు కావాలా అన్నా కొట్లాటకొచ్చినట్టే అడుగుతుందట.

"చేతులు కడుక్కోండి!" అని కేకేసింది ఆవిడ. తర్వాత ఇంజన్ వైపు తల తిప్పి ఆగిపోయింది. "అదేంటండీ, లోపల పాములా ఏదో బుసకొడుతోంది?"

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆవిడ అతని ముఖం చూసింది, చేతిలో గొట్టం చూసింది. గొట్టం తీసుకుని, కొంగుతో తుడిచి, తన చెవిలో పెట్టుకుని, రెండో కొస మేస్త్రి చేతికిచ్చింది.

"కుడికి రండి. ఇంకా. కాదు, వెనక్కి. ఇప్పుడు కిందికి. ఆఁ, అక్కడే."

అక్కడంటే ఎయిర్ ఫిల్టరు డబ్బా అడుగున, ఎవరి కంటికీ ఆనని మూల. డబ్బా విప్పి సబ్బునీళ్ళు ఒక్క చుక్క వేశాడు. చుక్క లోపలికి పోయింది, ఇంజన్ క్షణంసేపు వణుకు మాని కుదురుగా తిరిగింది. అక్కడి గొట్టం ఊడదీస్తే నిలువునా చిట్లి ఉంది. చిట్లిన చోట లోపల ఏదో మెరిసింది. వేలితో నొక్కితే సైకిలు బేరింగులో ఉండే ఉక్కు గుండు ఒకటి అరచేతిలో పడింది.

మేస్త్రి దాన్ని గుర్తుపట్టాడు. ఆ ఊళ్ళో గొట్టాలకు ఉక్కు గుండు బిరడా పెట్టే విద్య అతనొక్కడిదే. పన్నెండేళ్ళ కిందట ఇదే బండిలో, పొగను కొంచెం మళ్ళీ ఇంజన్‌లోకి పంపే వాల్వు పాడైతే, కొత్తది వచ్చేదాకా ఉంటుందని గొట్టంలోకి గుండు దూర్చాడు. సరైన సైజు దొరక్క కొంచెం పెద్దది కొట్టాడు. కొత్త వాల్వు తెప్పించనేలేదు. బండి బాగానే పోతుంటే ఎవరికి గుర్తుంటుంది? ఆ ఒత్తిడికి రబ్బరు ఏళ్ళ తరబడి ఓర్చుకుని ఇప్పుడు చిట్లింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను టెలిఫోన్ ఆపరేటరు పట్టింది.

గుండును చెత్తబుట్టలో వేస్తే అడిగేవాళ్ళు లేరు. సాయంత్రం మొక్కలావిడ వచ్చేదాకా మేస్త్రి దాన్ని జేబులో వేసుకుని తిరిగాడు. ఆవిడ రాగానే తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"తప్పు నాదేనమ్మా. పెట్టింది నేనే, మర్చిపోయింది నేనే. కనిపెట్టింది మాత్రం నేను కాదు. నాకు సన్నటి చప్పుళ్ళు వినపడటం లేదు."

నలభై ఏళ్ళ పేరును ఒక్క మాటతో కింద పెట్టేసినట్టయింది అతనికి. గుండె బరువు కూడా దానితోపాటే దిగింది.

మొక్కలావిడ గుండును అటూ ఇటూ తిప్పి చూసింది. "అయితే పన్నెండేళ్ళు మీ సామాను నేను మోశానన్నమాట" అంది. "పరీక్ష పాసవుతుందా, లేదా? అది చెప్పండి ముందు."

గురువారమంతా పని నడిచింది. పాత బళ్ళ తుక్కులోంచి మంచి వాల్వు ఏరి తెచ్చి బిగించాడు, పగుళ్ళున్న గొట్టాలన్నీ మార్చాడు, స్క్రూను మొదట ఉన్నచోటికి తిప్పాడు. గేజి ముల్లు పైకి లేచి కదలకుండా నిలబడింది. భార్య గొట్టంతో ఇంజనంతా విని, "లైను క్లియరు" అంది.

శుక్రవారం బండి పాసైంది. మొక్కలావిడ కాగితం ఊపుకుంటూ వచ్చి షెడ్డు గుమ్మంలో ఒక మల్లె కుండీ దించి వెళ్ళింది.

"ఇక మీ పరీక్ష" అంది భార్య.

సోమవారం చెవుల ఆస్పత్రిలో గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. మేస్త్రి చాలాసేపు ఏమీ నొక్కకుండా కూర్చున్నాడు. రెండు వారాలకు చెవి వెనక చిన్న యంత్రం వచ్చింది.

యంత్రం పెట్టుకున్న మొదటి రోజు భోజనాల దగ్గర భార్య, "ఉప్పు కావాలా?" అని అడిగింది. పెళ్ళైన కొత్తలో ఫోనులో విన్న గొంతే అది, మెత్తగా.

"ఏమిటివాళ? కోపం తగ్గిందా?" అన్నాడు మేస్త్రి.

"నాకు కోపం ఎప్పుడొచ్చిందండీ? రెండేళ్ళుగా అరుస్తున్నది మీకు వినపడాలని" అంది ఆవిడ.

మేస్త్రి అన్నం కలపడం ఆపి, ఇంకోసారి చెప్పమన్నాడు. వినపడక కాదు.