పొగ రాని పొయ్యి, నాలుగు స్వెట్టర్లు

మా మామయ్య మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టడు, వాళ్ళింటి పొగగొట్టం చూసి గుర్తుపడతాడు. వీధిలో ఎవరైనా నమస్కారం పెడితే బదులు చెప్పేముందు తలెత్తి వాళ్ళ ఇంటికప్పుకేసి చూస్తాడు. "ఆ నల్ల పొగ మీదేనా?" అంటాడు. అదే ఆయన కుశలప్రశ్న. ఎదుటివాడు నవ్వేసి జారుకుందామని చూస్తే, వెంటబడి మరీ "మీరు పచ్చి కట్టెలు పెడుతున్నారండీ" అని నేరం ఒప్పించేదాకా వదలడు. చలికాలం వచ్చిందంటే సగం వీధి ఆయన కంటబడకుండా పక్క సందులోంచి తిరిగేది. నేను ఆయన ఇంట్లోనే ఉండేదాన్ని కాబట్టి నాకు ఆ సౌకర్యం లేకపోయింది.

మామయ్య బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నాకు ఆ ఊళ్ళో ఉద్యోగం దొరికితే, "హాస్టలేమిటే, మా ఇల్లు కూలిపోయిందా?" అని గదమాయించి అత్తయ్య నన్ను తన దగ్గరే పెట్టేసుకుంది. ఆ ఊరి చలి మామూలు చలి కాదు. బయటికెళ్ళి వచ్చాక చెవులు రెండూ ఉన్నాయో లేదో తడిమి చూసుకోవాలి. అందుకని ఇంటింటికీ ముందుగదిలో కట్టెల పొయ్యి, కప్పు మీద గొట్టం. మామయ్య వాళ్ళకీ ఒక పాత ఇనప పొయ్యి ఉండేది. వేడి పిసినారిగా ఇచ్చేది, పొగ మాత్రం ధారాళంగా పంచిపెట్టేది.

ఒక చలికాలం నడిమధ్యలో, ఎక్కడికో వెళ్ళొచ్చిన మామయ్య ఎవరితోనూ మాట్లాడకుండా రాత్రి భోజనం చేశాడు. తెల్లారి లేచి చూద్దును కదా, పాత ఇనుము కొనేవాడు మా పొయ్యిని బండికెక్కిస్తున్నాడు.

"మామయ్యా! చలికాలం ఇంకా సగం ఉంది!"

"బస్సు నడిపినన్నాళ్ళూ వెనకొచ్చేవాళ్ళ ముఖాన పొగ కొట్టాను. ఇంట్లో కూర్చుని కూడా ఎందుకే కొట్టడం? మంచి పొయ్యి కొంటా."

"కొన్నాక పారేయొచ్చుగా పాతది?" అంది అత్తయ్య.

"అది ఎదురుగా ఉంటే వెలిగించాలనిపిస్తుంది" అన్నాడాయన.

ఆ మిగిలిన చలికాలమంతా మేం ముగ్గురం రగ్గుల్లో దూరి, ముక్కులు మాత్రం బయటపెట్టి సంసారం చేశాం. మంచి పొయ్యి అంత తొందరగా దొరికితేనా! మామయ్య తిరగని దుకాణం లేదు. ఏ పొయ్యి కనపడినా తలుపు తీసి, తల లోపలికి దూర్చి, అక్కణ్ణుంచే ప్రశ్నలు వేసేవాడు. ఇనప డబ్బాలోంచి వచ్చే ఆ గొంతుకి మిగతా కొనుగోలుదారులు భయపడేవారు. ఒక దుకాణదారు ఉత్సాహంగా బీరువా అంత పొయ్యి చూపించాడు.

"ఇది పెట్టారంటే ఇల్లంతా భగభగలే సార్."

"నా గది చిన్నదయ్యా. ఇంత పెద్దది పెడితే ఉడికిపోయి గాలి మూసేస్తాం. గాలి మూస్తే మంట చచ్చి, కట్టె కుములుతుంది. కుమిలితే పొగ. చిన్నదైనా సరే, గుక్కతిప్పుకోకుండా మండేది చూపించు."

"పెళ్ళి సంబంధం చూసేవాళ్ళు కూడా ఇన్ని వివరాలు అడగరు సార్!"

"పెళ్ళికొడుకు చెడ్డవాడైతే ఒక్క ఇల్లే ఏడుస్తుంది. పొయ్యి చెడ్డదైతే వీధంతా దగ్గుతుంది" అన్నాడు మామయ్య, తల బయటికి తీసి. చెవి మీద మసి.

పొయ్యి కంటే ముందు ఇంట్లోకి కట్టెలు వచ్చాయి. మంచాల కింద కట్టెలు, మెట్ల కింద కట్టెలు, పెరట్లో గాలి ఆడేలా పేర్చి పైన మాత్రం రేకు కప్పిన కట్టెలు. తడి కొలవడానికి రెండు ముళ్ళున్న చిన్న మిషనొకటి కొన్నాడు. దాన్ని కట్టెలకి గుచ్చి, తనివి తీరక కుర్చీ కాళ్ళకీ, కిటికీ చట్రానికీ, అత్తయ్య చేతిలో ఉన్న చెక్క గరిటెకీ గుచ్చాడు. "గరిటె పచ్చిగా ఉంది" అన్నాడు. "కూరలో ఉంటే పచ్చిగా కాక ఎలా ఉంటుందండీ!" అంది అత్తయ్య.

మిషను ఉన్నా ఆయన నమ్మకం మాత్రం చెవి మీదే. రెండు కట్టెలు తీసుకుని, కళ్ళు మూసుకుని, చెవి దగ్గర ఒకదానితో ఒకటి కొట్టేవాడు. ఠంగుమంటే ఎండినట్టు. దబ్బుమంటే పచ్చి. ఈ పరీక్ష కట్టెలతో ఆగితే బాగుండేది. మా ఆఫీసులో నాతో పనిచేసే ఒకతను నన్ను పెళ్ళి చేసుకుంటానని అడగడానికి ఇంటికొచ్చినప్పుడు, మామయ్య అతనికి కట్టెల మోపు ఇచ్చి లోపల పెట్టమన్నాడు. పాపం, అతను తడివి తీసుకెళ్ళి పొడివాటి మీద పెట్టాడు.

అతను వెళ్ళాక మామయ్య పెదవి విరిచాడు. "పచ్చి. ఇంకో రెండు ఎండాకాలాలు ఆరాలి."

"కట్టె గురించా, మనిషి గురించా?"

"నేను మనిషి గురించే చెప్పాను. కట్టెకి ఒక్క ఎండాకాలం చాలు."

మళ్ళీ చలికాలం మొదట్లో పొయ్యి వచ్చింది. నల్లగా, పొట్టిగా, ముందు అద్దం తలుపుతో, బుద్ధిమంతుడైన కుక్కలా గది మూల కూర్చుంది. దాన్ని వెలిగించిన సాయంత్రం నేనెప్పటికీ మర్చిపోను. మామయ్య లావు కట్టెలు అడుగున, సన్నవి వాటిపైన, పుల్లలు అన్నిటికంటే పైన పేర్చాడు.

"ఏమిటండీ, తలకిందులుగా పేరుస్తున్నారు?"

"కింద వెలిగిస్తే పైవి వేడెక్కేదాకా పొగ తాగి కూర్చోవాలి. పైనుంచి దిగనీ, నిదానంగా. చూస్తూ ఉండు."

చూస్తూ ఉన్నాం. పుల్లలు అంటుకున్నాయి, మంట మెట్లు దిగినట్టు కిందికి దిగింది. అంతవరకూ మామూలే. తర్వాత పొయ్యి లోపల పైభాగంలో, కట్టె లేని చోట, ఏమీ లేని చోట, మంటలు పుట్టాయి. వెనకపలకలో ఉన్న చిన్న చిన్న రంధ్రాల్లోంచి వచ్చే గాలి దగ్గర బంగారు రంగు రేకులు విచ్చుకుని, ఊగి, మాయమై, మళ్ళీ విచ్చుకుంటున్నాయి. ఎవరో లోపల నీళ్ళ కింద దీపాలు పట్టుకుని నడుస్తున్నట్టు ఉంది. అత్తయ్య గరిటె పట్టుకునే నేల మీద కూలబడింది.

"అదేం మండుతోంది మామయ్యా, అక్కడ కట్టె లేదుగా?"

"పొగ" అన్నాడాయన, గుసగుసగా. "బయటికి పోవాల్సిన పొగే మండుతోందే. మనం ఇన్నాళ్ళూ ఈ వేడినంతా పొగ చేసి ఊరి మీదికి వదిలేశాం."

ముగ్గురం అలా చూస్తూ కూర్చున్నాం. నేను దేనికీ నోరు తెరిచి చూసే మనిషిని కాను, ఆ రోజు తెరిచాను. ఉన్నట్టుండి మామయ్య లేచి, ఒంటిమీద బనియనుతోనే, తలుపు తీసుకుని వీధిలోకి పరిగెత్తాడు. రోడ్డు దాటి ఎదురింటి గేటు పక్కన నిలబడి మా కప్పుకేసి చూశాడు. గొట్టం మీద గాలి కాస్త వణుకుతోంది, అంతే. తిరిగొచ్చేసరికి పళ్ళు టకటకలాడుతున్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆ తర్వాత ఎప్పుడు పొయ్యి వెలిగించినా ఈ పరుగు తప్పలేదు. తన గొప్ప తను చూసుకుని మురిసిపోవడానికి వెళ్తున్నాడనుకున్నాం.

ఇక ఆ పొయ్యికి జరిగిన సేవ మా ఇంట్లో ఎవరికీ జరగలేదు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగేవాడు. కాగితం ఊడొస్తే తలుపు చుట్టూ ఉన్న తాడు అరిగినట్టేనని కొత్తది వేసేవాడు. అద్దం మీద నలుపు కనబడితే తడి కాగితాన్ని బూడిదలో అద్ది తుడుస్తూ, ఏ కట్టె తనని మోసం చేసిందా అని విచారించేవాడు. గొట్టం దులిపే అతను ఏడాదికోసారి వచ్చి, చేటలో పడ్డ పిడికెడు మసి చూసి, "మీ ఇంట్లో నాకు కూలి అడగడానికి మొహమాటంగా ఉందండీ" అనేవాడు. మామయ్య ఆ మాట ఎదురింట్లో తప్ప వీధంతా చెప్పుకొచ్చేవాడు. ఈ పోరు పడలేక వీధిలో మిగతావాళ్ళు కూడా ఎండిన కట్టెలు కొనడం మొదలుపెట్టారు.

ఇదంతా నాకు అర్థమైంది. అర్థం కానిది స్వెట్టర్ల సంగతి. ఎదురింట్లో ఒక సంగీతం టీచరుగారు ఉండేది, ఒంటరి మనిషి. మేం రగ్గుల్లో బతికిన ఆ చలికాలంలో ఆవిడ మామయ్యకి చేత్తో అల్లిన స్వెట్టర్ తెచ్చిచ్చింది. తర్వాత ప్రతి చలికాలం ఒకటి. ఆవిడ ఎప్పుడూ గడప దాటి లోపలికి రాలేదు. బెల్లు మోగి, కిటికీలోంచి ఆవిడ కనబడగానే, పొయ్యి ముందు బనియనుతో ఉన్న మామయ్య ఉన్న స్వెట్టర్లన్నీ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, బయటికెళ్ళి, తలుపు వెనక మూసేసి, చేతులు రుద్దుకుంటూ మాట్లాడేవాడు. లోపలికొచ్చేసరికి నెత్తి మీంచి చెమట కారేది.

"ఏమిటి మామయ్యా ఈ నాటకం?"

"పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకే?" అనేవాడు. అత్తయ్య నవ్వుకుంటూ వంటింట్లోకి పోయేది.

నాలుగో స్వెట్టర్ వచ్చిన చలికాలంలో, పోస్ట్‌మన్ పొరపాటున మా ఇంట్లో ఇచ్చిన పార్సిల్ పట్టుకుని నేను టీచరుగారింటికి వెళ్ళాను. ముందుగదినిండా అట్టపెట్టెలు. తంబురాకి దుప్పటి చుట్టేసి ఉంది.

"ఎక్కడికండీ ప్రయాణం?"

"మా చెల్లెలి దగ్గరికమ్మా. ఇల్లు అమ్మేస్తున్నాను. కొనేవాళ్ళు రేపొచ్చి మాట ఖాయం చేసుకుంటారు."

"అదేమిటండీ! పిల్లలకి పాఠాలు?"

ఆవిడ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "నాకు ఉబ్బసం. పొగ తగిలితే ఊపిరాడదు, అందుకే కరెంటు హీటరుతో నెట్టుకొస్తాను, పొయ్యి ఉన్న ఇంట్లో అడుగుపెట్టను. చలికాలంలో గాలి మీ ఇంటివైపు నుంచే వీస్తుంది. అప్పట్లో నాలుగు నెలలు పాట ఉండేది కాదు, దగ్గే. ఒకరోజు మీ మామయ్యగారు ఏదో పనిమీద వచ్చి నా అవస్థ చూశారు. ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి మీ గొట్టంలోంచి పొగ రాలేదమ్మా. ఇప్పటిదాకా రాలేదు."

నాకు విషయం అర్థమవడం మొదలైంది.

"నాకోసం ఆ పెద్దమనిషి పొయ్యి వెలిగించడమే మానుకున్నారు. నేను కిటికీ తీసుకుని పాడుకుంటున్నాను, అక్కడ మీరు ముగ్గురూ గడ్డకట్టుకుపోతున్నారు. ఆయన నా ముందు చేతులు రుద్దుకుంటూ వణుకుతుంటే నాకు ప్రాణం పోతుంది. ఎన్ని స్వెట్టర్లు అల్లితే ఈ రుణం తీరుతుంది? నేను వెళ్ళిపోతే మీరు హాయిగా మంట వేసుకుంటారు."

నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరికి ఆపుకున్నాను. "టీచరుగారూ, ఆ పెట్టెలు అలాగే ఉంచండి. ఇప్పుడే వస్తా" అని ఒక్క పరుగున ఇంటికొచ్చిపడ్డాను. మామయ్య బనియనుతో పొయ్యి ముందు కాళ్ళు బారజాపుకుని ఉన్నాడు. సంగతంతా చెప్పాను.

ఆయన ముఖం పాలిపోయింది. "ఇల్లు అమ్మేస్తుందా? ఎందుకు?"

"నీ వణుకు చూసి! పొయ్యి ఉందని ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"ఎలా చెప్తానే?" అన్నాడు, గొంతు తగ్గించి. "అన్నేళ్ళూ ఆవిడ గొంతు నొక్కింది నా పొయ్యే. అంత దగ్గుతూ కూడా నన్నొక్క మాట అనలేదు. ఆ సంగతి మళ్ళీ తవ్వడమెందుకని ఊరుకున్నా. మొదటి స్వెట్టర్ ఇచ్చినప్పుడు నిజంగానే చలేసింది, తీసుకున్నా. మరుసటేడు ఇంకోటి తెచ్చింది. రాత్రుళ్ళు కూర్చుని అల్లానంది. అక్కర్లేదని చెప్పడానికి నోరెలా వస్తుంది?"

"ఇప్పుడు రప్పించండి నోరు" అంది అత్తయ్య. "వెళ్ళి పిలుచుకురండి. బనియనుతో మాత్రం వెళ్ళకండి."

మామయ్య అలవాటు కొద్దీ నాలుగు స్వెట్టర్లూ తొడుక్కుని రోడ్డు దాటాడు. టీచరుగారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఆయన వెనకే బెరుగ్గా వచ్చి మా గడప దగ్గర ఆగింది. తర్వాత మొదటిసారి లోపల అడుగుపెట్టింది. అప్పుడే పొయ్యిలో పైమంటలు విచ్చుకుంటున్నాయి. ఆవిడ అలాగే నిలబడిపోయింది. చూసి చూసి, రుమాలు కాస్త జరిపింది. గాలి పీల్చింది. ఇంకోసారి, నిండుగా పీల్చింది. దగ్గు రాలేదు. మేం కూడా ఊపిరి బిగబట్టి ఉన్నామని అప్పుడు తెలిసింది నాకు.

"ఇది ఇన్నాళ్ళూ మండుతూనే ఉందా?"

"చలికాలమంతానండీ."

"నేను రోజూ కిటికీలోంచి చూసేదాన్నే!"

"మీ కిటికీకి ఏం కనబడుతుందో నేనూ రోజూ చూసుకునేవాణ్ణి, మీ గేటు దగ్గర నిలబడి" అన్నాడు మామయ్య నేలచూపులు చూస్తూ.

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. చెమట గడ్డం మీంచి బొట్లుబొట్లుగా రాలుతోంది. "మరి ఈ స్వెట్టర్లు?"

"చాలా వెచ్చగా ఉన్నాయండీ" అన్నాడాయన. అంతకంటే పెద్ద నిజం ఆయన జన్మలో చెప్పి ఉండడు.

టీచరుగారు పకపకా నవ్వింది. మామయ్య సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి రెండు కట్టెలు తీసి ఠంగున కొట్టి, "రహస్యమంతా ఈ చప్పుడులో ఉందండీ" అని మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "మళ్ళీ కొట్టండి. ఊఁ. కుడిచేతిది ఇంకా ఆరలేదండీ, శ్రుతి దిగింది."

మామయ్య గుడ్లు తేలేసి మిషను గుచ్చి చూశాడు. కుడిచేతిది నిజంగానే పచ్చి. ఆయన చెవికి దొరకని పచ్చి! అంతమందిని హడలెత్తించిన మనిషి ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ రాత్రే పెట్టెలు విప్పేశాం. ఇప్పుడు కట్టెల బండి నేరుగా మామయ్య ఇంటికి రాదు, ముందు టీచరుగారి గేటు దగ్గర ఆగుతుంది. ఆవిడ కళ్ళు మూసుకుని విని, సరేనంటేనే మామయ్య దించుతాడు. తర్వాతి చలికాలం ఆవిడ స్వెట్టర్ అల్లలేదు, పొయ్యి తలుపు పట్టుకోవడానికి మందపాటి చేతితొడుగు అల్లింది. మా ఆఫీసతన్ని కూడా మామయ్య ఆవిడ ముందు హాజరుపరిచాడు. "కాస్త పచ్చిదనం ఉంది కానీ చప్పుడు మంచిది" అందావిడ. పెళ్ళయిపోయింది.

మొన్న చలిలో మా ఆయనతో కలిసి వాళ్ళింటికి వెళ్ళేసరికి, మామయ్య ఎప్పట్లాగే ఎదురింటి గేటు పక్కన తలెత్తి నిలబడి ఉన్నాడు. టీచరుగారి కిటికీ బార్లా తెరిచి ఉంది.

"ఏమైనా కనబడుతోందా మామయ్యా?"

"ఏమీ లేదు. మాట్లాడకు, పాడుతోంది" అన్నాడు. పాట అయ్యేదాకా ఆ మంచులో అలాగే నిలబడ్డాడు. నాలుగు స్వెట్టర్లూ ఒంటిమీదే ఉన్నాయి, చాలాకాలానికి వాటితో ఆయనకి నిజంగా పనిపడింది.