అవ్వ కొలిచిన దారి

మా ఇంట్లో నా ఉద్యోగాన్ని "పటాలు గీసే పని" అంటారు. నిజానికి తమిళనాడులోని ధర్మపురి ఆఫీసులో కూర్చుని, ఉపగ్రహం తీసిన ఫోటోల మీద మౌసుతో గీతలు లాగుతాను. దేశసేవ అనుకుంటే అనుకోవచ్చు. ఏసీ గది అని చేరాను.

ఆ నెల తారు వేయాల్సిన పల్లెదారుల జాబితా తయారవుతోంది. మ్యాపులో గీత లేని దారికి తారు రాదు. వెల్లిచందై ఊరి దగ్గర ఒక అవ్వ టమాటా బుట్టలు నెత్తిన పెట్టుకుని మెయిన్ రోడ్డుదాకా మోస్తోంది. ఆమె ఇంటికి బండి రాదు. మా ఫోటోలో అక్కడ చింతతోపు తప్ప ఏమీ లేదు. ఆమె అర్జీ పెట్టుకుంటే నన్ను పంపారు, చేతికి జీపీఎస్ పరికరం ఇచ్చి. అది పట్టుకుని నడిస్తే చాలు, నడిచినంత మేరా గీత పడుతుంది.

నడిచాను. తోపు మొదట్లోనే అవ్వ ఇల్లు. రాగిముద్ద పెట్టింది. రెండో ముద్ద తర్వాత, సర్కారు తరఫున వచ్చిన నేను అరుగు మీద కునుకు తీశాను. లేచేసరికి పరికరం లేదు! ఉద్యోగం పోయిందనుకుంటుండగా, అవ్వ దాన్ని హారతి పళ్లెంలా రెండు చేతుల్లో పట్టుకుని తోపులోంచి వచ్చింది.

"ఎక్కడికి పోయినావవ్వా?"

"నువ్వు పండుకొంటివి. పని నిలిచిపోతుందని నేనే కొలిచినాను పాపా."

"అది గవర్నమెంటు సామానవ్వా!"

"నేనేమన్నా తినేసినానా? కూలి అడిగినానా?"

పరికరం అందుకున్నాను. మజ్జిగ తాగి వచ్చేశాను.

మర్నాడు కంప్యూటర్లో గీత తెరిచాను. అవ్వ ఇంటిదాకా బుద్ధిగా వచ్చి, ఆ తర్వాత పిచ్చెక్కినట్టు తిరిగింది. మా సారు వెనక నిలబడి తమిళంలో అడిగారు: "ఏమ్మా, ఇది దారా, జిలేబీనా?"

నిద్రపోయిన సంగతి ఒప్పుకున్నాను.

"అవ్వ తిరిగింది తుడిచెయ్. ఒక్క ఇంటికోసం దారి వెయ్యరు, అదీ తెలుసుగా? జాబితాకి రేపే ఆఖరు."

తుడవబోయి ఆగాను. ఆ పరికరం ఒకచోట నిలబడితే గీత అక్కడే చిందరవందరగా ముడిపడుతుంది. అవ్వ గీతలో ఐదు ముడులున్నాయి. ఒకటి మరీ పెద్దది. అక్కడ కబుర్లు బాగా సాగినట్టున్నాయి. అవ్వ ఊరికే నిలబడే మనిషి కాదు. అంటే చింతచెట్ల కింద ఇళ్లున్నాయి!

"రేపు పొద్దున్నే చూసి వస్తాను సార్."

"ముద్ద తినకుండా చూసి రా."

మర్నాడు అవ్వని వెంటబెట్టుకుని, ఆమె గీత పట్టుకుని నడిచాను. మొదటి నాలుగు ముడుల దగ్గర నాలుగు ఇళ్లు, కొమ్మల కింద గొడుగు పట్టినట్టు. ఫోటోలు తీశాను. ఐదో ముడి దగ్గర ఇల్లు లేదు. ఆవు ఉంది.

"దీని దగ్గరెందుకు నిలబడినావవ్వా?"

"దానికీ నీ మిషను చూపించినాను. అది నడిచేదీ ఆ దారిలోనే గదా!"

సాయంత్రానికల్లా గీత మ్యాపులోకి ఎక్కింది, అవ్వ ఇంటితో కలిపి ఐదు ఇళ్లతో. ఆవుకి మా దగ్గర గుర్తు లేదు, వదిలేశాను. జాబితాలో ఆ దారి వచ్చిన రోజు సెక్షనంతటికీ నేనే జిలేబీలు పంచాను. ఒకటి సారు చేతిలో పెడితే, దాని వంకర చూసి నవ్వు ఆపుకోలేకపోయారు.

"సర్వే చేసినవారు" అన్న గడిలో నా పేరే ఉంది. అసలు సంగతి సారుకీ, అవ్వకీ, ఆవుకీ తెలుసు.