పొమ్మనలేక రంగులు వేయించాను

ఒక పాపం ఏళ్ళ తరబడి నా గుండెల మీద కూర్చుని ఉంది. మా ఆయనకు కూడా తెలియదు. ఊళ్ళో నాకున్న మంచి పేరు సగం దాని మీదే నిలబడింది. ఇంక చెప్పడానికి నోరెలా వస్తుంది? మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

నరసరావుపేటలో మాది రెండు వాటాల ఇల్లు. వెనక వాటాలో సరస్వతి, ఆమె భర్త అద్దెకుండేవాళ్ళు. అతను లారీ డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ. ఆమె జాకెట్లు కుట్టేది. నోరు తెరిస్తే నవ్వే. వీధి కుక్కలు కూడా వెతుక్కుంటూ వచ్చి ఆ పిల్ల గుమ్మం ముందే పడుకునేవి. నాకూ ఇష్టమే. నీళ్ళోసుకుందని తెలిసే వరకు.

మా అత్తగారు ఒక మాట అంటూ ఉండేది. పరాయి వంశం పురుడు మన కప్పు కింద జరిగితే మన వంశం ఆగిపోతుందట. అప్పటికి మా కోడలికి కడుపు పండలేదు. సరస్వతి కనేది ఆస్పత్రిలోనే అయినా పురిటి రోజులు గడిపేది మా వాటాలోనే కదా అని నాకు భయం పట్టుకుంది. చూలాలిని ఖాళీ చేయమంటే వీధంతా ముఖాన ఉమ్ముతుంది. అందుకని పొమ్మనలేక పొగబెట్టాను. ఇల్లు పాతబడిందని వంక పెట్టి, వెనక వాటాలో నాపరాళ్ళు పీకి టైల్స్ వేయమని, గోడలు గీకి రంగులు వేయమని మేస్త్రీకి చెప్పాను. ఆ దుమ్ముకు తట్టుకోలేక వాళ్ళే పోతారనుకున్నాను.

సరస్వతి పోలేదు. మంచం పెరట్లోకి, పొయ్యి పంపు పక్కకి మార్చుకుంది. మిషను మీద, బియ్యం డబ్బా మీద పాత చీరలు కప్పింది. అంత కడుపుతోనూ పనివాళ్ళకు మజ్జిగ కలిపిచ్చేది. వాళ్ళు సున్నం చేతులతోనే ఆమె గోంగూర పచ్చడి అడిగి మరీ తినేవాళ్ళు. ఇంతలో ఆమెకు దగ్గు పట్టుకుంది. కాన్పయ్యే దాకా పని ఆపమని భర్త వచ్చి బతిమాలాడు. ఇప్పుడు వదిలేస్తే మేస్త్రీ మళ్ళీ దొరకడన్నాను. అబద్ధం. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తానని మేస్త్రీ అంతకుముందే నాతో అన్నాడు. ఆ పిల్ల దగ్గు గోడ అవతల నుంచి వినపడుతుంటే టీవీ శబ్దం పెంచుకున్నాను.

చివరికి నేనే వెళ్ళాను.

"ఈ దుమ్ములో ఎట్టా ఉంటావే? కాన్పు దాకా మీవాళ్ళ దగ్గరికి పోరాదా?"

"ఎవరున్నారు పిన్నీ? అమ్మ పోయినాక మా అన్న ఒక్కసారీ రమ్మనలా. నాకు పుట్టిల్లంటే ఇదే. దుమ్ముదేముంది, కడిగితే పోద్ది. బిడ్డొచ్చేలోగా ఇల్లు బాగుచేయిస్తన్నావు, నాకు చానా సంతోషంగా ఉంది."

ఆమెకు తల్లి లేదని నాకు తెలియదా? అద్దెకు దిగిన రోజే చెప్పింది. తెలిసే అడిగాను. ఆమె మాత్రం ఆ మాట నమ్మి అందా, నా ఎత్తు పసిగట్టి అందా? ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నమ్మి అంటే అంత మంచితనం నేనెక్కడా చూడలేదు. తెలిసే అంటే మాత్రం, నన్ను పల్లెత్తు మాట అనకుండా, వీధిలో పెట్టకుండా, ఒక్క ముక్కతో నా చేతులు కట్టేసింది. ఎటు చూసినా నా కూతురి వయసు పిల్ల నాకంటే పెద్దది. ఇంత జరిగినా నేను పని ఆపించానా? లేదు.

ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాలలో వేసిన రోజు పేరంటాళ్ళందరి ముందు పిల్లను నా ఒళ్ళో పెట్టి, తల్లి లేనిదాన్నని మా పిన్ని ఇల్లంతా కొత్తగా చేయించిందని చెప్పింది. అందరూ నన్ను దేవతను చూసినట్టు చూశారు. కాదని ఒక్క మాట అనచ్చు కదా. నవ్వి ఊరుకున్నాను. మరుసటేడు మా కోడలూ కనింది. అత్తగారి మాట ఉత్తదే.

తర్వాత వాళ్ళు నడికుడి వెళ్ళిపోయారు. ఏటా వేసవిలో సరస్వతి కూతురిని తీసుకుని వస్తుంది. పుట్టింటికి వచ్చానని వీధంతా చెప్పుకుంటుంది. వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి చీర పెడితే కళ్ళకద్దుకుంటుంది. మొన్న వచ్చినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. చెబితే నా బరువు దిగుతుంది, ఆమెకున్న ఒక్క పుట్టిల్లూ పోతుంది. అందుకే ఆగానంటే నమ్ముతారా? నేను నమ్మను. పిరికితనం.

ఆ పిల్లను వెళ్ళగొట్టడానికే ఆ రంగులు వేయించాను. ఈ మాట ఇన్నాళ్ళకు ఇలా రాసి, నా కళ్ళతో నేను చదువుకున్నాను.